మింగే బోరు

రిగ్గు లారీ వీధి మలుపు తిరిగేసరికే రంగులాయన ముందు పళ్లు ఊడిపోయి ఉన్నాయి. చేతిపంపుకు ఆనించి తాడుతో కట్టేశారు. చొక్కా చిరిగి నడుము దగ్గర వేలాడుతోంది. ఎడమ చెవి నుంచి కారిన రక్తం మెడ మీద అప్పటికే ఎండిపోయింది, అంటే కొట్టడం మొదలై చాలాసేపే అయిందన్నమాట. వీధి వీధంతా అక్కడే ఉంది. పనులకు పోవాల్సిన మగవాళ్లు, పిల్లల్ని బడికి పంపాల్సిన తల్లులు, అందరూ తలా ఒక దెబ్బ వేద్దామని వరస కట్టినట్టు నిలబడ్డారు. ఒక్క మంచి పనికైనా వీళ్లు ఎప్పుడైనా ఇలా కలిసొచ్చారా అని అడగాలనిపిస్తుంది. అడిగితే తర్వాతి దెబ్బ మనకే పడుతుంది, అది వేరే సంగతి.

రిగ్గక్క లారీ లోంచి కిందికి దిగింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, భర్త పోయాక బోర్లు వేసే ఆ యంత్రాన్ని తనే పట్టుకుని ఊళ్లు తిరగడం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ వీధికి ఆమె రిగ్గక్కే. కొన్ని వారాలుగా ఎక్కడో దూరాన రాళ్లు తొలిచి తొలిచి ఇప్పుడే ఇల్లు చేరుతోంది. జుట్టు, చీర, కనురెప్పలు, అన్నింటి మీదా తెల్లటి రాతి పొడి. లారీ నడిపేది చెవిటి మావ. బోర్లోకి గాలి కొట్టే కంప్రెషర్ పక్కన నిలబడీ నిలబడీ ఆయన చెవులు ఏనాడో పోయాయి. మంచి మాట చెవిలో అరిచినా అందదు గానీ, పెదాల మీద తిట్టు మాత్రం ఎంత దూరం నుంచైనా పట్టేస్తాడు.

రంగులాయన బట్టలకు రంగులు వేసే మనిషి. వీధికి పైకొసన అతని షెడ్డు. ఆ షెడ్డు తలుపు ఇప్పుడు విరిగి రోడ్డు మీద పడి ఉంది. పగిలిన తొట్లలోంచి ఎర్రరంగు, నీలిరంగు కలిసి కాలువలో పారుతున్నాయి. అతని భార్యను ఇద్దరు ఆడవాళ్లు జుట్టు పట్టుకుని గోడకు అదిమారు. అరిచి అరిచి ఆవిడ గొంతు పోయింది, నోరు కదులుతోంది గానీ మాట రావడం లేదు.

బడ్డీకొట్టాయన గడ్డపార ఎత్తాడు. రంగులాయన మోకాలు మీదికి.

రిగ్గక్క చేతిలో పైపు రెంచి ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. గడ్డపార కిందికి దిగేలోపు ఆ రెంచి బడ్డీకొట్టాయన మణికట్టు మీద దిగింది. టప్పుమని ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది, ఒక్క చెవిటి మావకు తప్ప. గడ్డపార రాళ్ల మీద పడి మోగింది. బడ్డీకొట్టాయన చేతిని పొట్టకు హత్తుకుని కూలబడ్డాడు.

"ఇంకెవరికన్నా విరగాలా?" అంది రిగ్గక్క. "ఎవడికి విరగాలో ముందుకు రండి. నాకు నిద్ర లేదు, తిండి లేదు, ఒళ్లు మండిపోతోంది. ఇప్పుడు కొడితే గట్టిగా తగులుద్ది."

ఎవరూ ముందుకు రాలేదు. వెనక్కీ పోలేదు.

"నువ్వు ఊళ్లో లేవక్కా, నీకు తెలీదు," అన్నాడు బడ్డీకొట్టాయన పళ్లు బిగబట్టి. కోపం కంటే నొప్పి ఎక్కువుంది ఆ గొంతులో. "పంపు కొట్టి చూడు. నీళ్లు చూసి అప్పుడు నా రెండో చెయ్యి కూడా విరగ్గొట్టు."

ఆమె పంపు కొట్టింది. రంగులాయన వీపు ఆ పంపుకే కట్టి ఉంది కాబట్టి ఆమె కొట్టిన ప్రతిసారీ అతని ఒళ్లు ఊగింది. నీళ్లు వచ్చాయి. పసుపు కలిపినట్టు పచ్చగా ఉన్నాయి. మట్టి వల్ల వచ్చే ఎరుపు కాదు, తుప్పు వల్ల వచ్చే గోధుమరంగు కాదు. అద్దంలా తేటగా, నిమ్మపండు రంగులో ఉన్నాయి. ఎన్నో బోర్ల నీళ్లు నోట్లో పోసుకుని రుచి చెప్పిన మనిషి, వీటిని నాలుక దాకా తీసుకుపోలేకపోయింది.

"ఇవే తాగుతున్నాం," అంది బడ్డీకొట్టాయన భార్య. ముందుకొచ్చి రెండు చేతులూ చాపింది. "వీటితోనే అంట్లు తోముతున్నా. చూడు వదినా."

వేళ్ల కణుపుల మీద గుండ్రటి పుండ్లు ఉన్నాయి. మేకు గుచ్చి తీసినట్టు లోతుగా, అంచులు గట్టిపడి ఉన్నాయి. మామూలు పుండులా చీము లేదు, ఎరుపు లేదు. ఊరికే బొక్క పడినట్టు ఉంది.

రిగ్గక్క ఆ చేతుల్ని చాలాసేపు పట్టుకుంది. ఇలాంటి బొక్కలు ఆమెకు కొత్త కాదు. ప్రతి పండక్కీ, ప్రతి ఆదివారానికీ తన పీట పక్కన కూర్చుని అన్నం కలుపుకునే చేతుల మీద ఇవే బొక్కలు చూస్తోంది. "ఏంట్రా ఇవి" అని అడిగితే "యాసిడ్ అక్కా, మా పనిలో మామూలే" అని నవ్వేసే మనిషి చేతుల మీద.

ఆమె తలెత్తి గుంపులో వెతికింది. వెతకాల్సిన పనే లేదు. అందరికంటే ముందు, అందరికంటే పెద్ద కర్ర పట్టుకుని నిలబడ్డాడు ఆమె తమ్ముడు. పేరుకు చిన్నోడు, మీసాలు నెరుస్తున్నా అక్కకు చిన్నోడే. ఈ వీధిలోనే పెరిగాడు. ఇప్పుడు గుట్టకు అవతల క్రోమింగ్ షెడ్డు పెట్టుకున్నాడు. బండ్ల సామాన్లకు అద్దంలా మెరుగు పూస్తాడు. కర్ర కొసకు రక్తం ఉంది. కర్ర పట్టుకున్న వేళ్లకు గుడ్డ చుట్టి ఉంది.

అక్క చూపు ఆ గుడ్డ మీద పడగానే చిన్నోడు చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

అంతే. ఆమెకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. 

చిన్నోడి షెడ్డు వెనక బోరు వేసింది ఆమే. మామూలుగా బోరు వేస్తుంటే గాలి కిందికి పోయి, తెగిన రాతి పొడిని ఎత్తుకుని మళ్లీ పైకి వస్తుంది, వీధంతా తెల్లటి మబ్బు కమ్ముతుంది. ఆ రోజు కొంత లోతు పోయాక ఉన్నట్టుండి మబ్బు ఆగిపోయింది. గాలి పోతోంది గానీ రావడం లేదు. పొడి లేదు, నీళ్లు లేవు. రిగ్గు పనివాళ్లు దాన్ని మింగే బోరు అంటారు. అడుగున రాయి ఎక్కడో నిలువునా పగిలి నోరు తెరుచుకుని ఉందన్నమాట. "ఇది మింగే బోరు రా చిన్నోడా," అంది అప్పుడు. "చుక్క నీళ్లివ్వదు, ఏం పోసినా మింగేస్తది. సిమెంటు పోసి మూసెయ్." ఆమె అన్నది తిట్టులాంటి మాట. చిన్నోడికి మాత్రం అది వరంలా వినపడింది. మూసెయ్ అన్న ముక్క చెవికెక్కలేదు, ఏం పోసినా మింగేస్తది అన్న ముక్క మనసులో నాటుకుపోయింది. అలాంటి చెవులకంటే చెవిటి మావ చెవులే నయం.

"ఏంటక్కా చూస్తావ్," అన్నాడు చిన్నోడు గట్టిగా, అందరికీ వినపడేలా. "తేలిపోయింది కదా. వీడి రంగులే నేలలోకి దిగుతున్నాయ్. వీధికి పైనున్నది వీడే. నీళ్లు పైనుంచి కిందికే కదా వచ్చేది."

గుంపు ఊ కొట్టింది. నిజమే అనిపించే మాట. చిన్నపిల్లాడికైనా అలాగే అనిపిస్తుంది.

"నేల మీద నీళ్లు పైనుంచి కిందికి వస్తాయ్," అంది రిగ్గక్క. "రాయి లోపల అట్లా కాదు. రాయిలో నీళ్లకు పగులే దారి. పగులు ఎటు పోతే అటు పోతాయ్. గుట్ట అడ్డమొచ్చినా గుట్ట కిందనుంచి పోతాయ్."

చిన్నోడు నీళ్లు నమిలాడు. ఆ వీధిలో నమలడానికి కూడా అవే పచ్చనీళ్లు.

"బాబాయ్ దగ్గర అసలు బోరే లేదు," అందామె రంగులాయన్ని చూపిస్తూ. "ఈ పంపు నీళ్లే మోసుకుపోతాడు. ఆయన కడిగిన రంగు కాలువలో పోతది, ఒక రోజు ఎరుపు, ఒక రోజు నీలం. ఇవి రోజూ పసుపే కదా? ఆయన తాగేదీ ఇవే నీళ్లు కదా?"

"తాగుతున్నానమ్మా," అన్నాడు రంగులాయన. పళ్లు లేని నోట్లోంచి మాట సరిగ్గా రాలేదు. "ఇంకేం తాగను."

"మాటలు బాగానే ఉన్నాయ్," అన్నాడు బడ్డీకొట్టాయన. అతనికి ఎవరో తువ్వాలు చీల్చి చెయ్యి కడుతున్నారు. "మా ఇంట్లో పిల్లకు తల మీద పుండ్లు. రాత్రంతా గీరుకుంటది. ఎవడో ఒకడు చేశాడు కదా. వీడు కాకపోతే ఎవడు? చూపించు. చూపించలేకపోతే అడ్డం తప్పుకో, నీ రెంచికి మేమంతా ఒకేసారి విరగం."

అది నిజం. ఒక్క రెంచితో వీధిని ఆపలేదు. రంగుల షెడ్డు గుమ్మం దగ్గర కిరసనాయిలు డబ్బా మూత తీసి పెట్టి ఉండటం ఆమె అప్పుడే చూసింది.

"బడి దగ్గర నేను బోరు వేస్తుంటే నీ కొట్టు వెనక ఎండిపోయిన బోరు మూత ఎగిరిపడింది, గుర్తుందా అన్నా?" అంది. "మీ ఆవిడ దెయ్యం అనుకుని పరిగెత్తింది."

అంత కోపంలోనూ ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఆ రెండు బోర్లకీ కింద పగులు కలిసింది కాబట్టి గాలి అట్లా వచ్చింది. ఇప్పుడూ అదే చేస్తా. ఇంకో చోటికి పోయి, ఒక బోర్లో గాలి కొడతా. మీరంతా ఇక్కడే ఉండి ఈ పంపు చూడండి. ఎవరూ చెయ్యి వెయ్యొద్దు. పంపు తనంతట తను నీళ్లు కక్కితే ఆ విషం వచ్చేది అక్కడి నుంచి."

"కక్కకపోతే?"

రిగ్గక్క రంగులాయన వైపు చూసింది. ఆయన తలెత్తలేదు.

"కక్కకపోతే మీ ఇష్టం," అంది.

కట్లు విప్పడానికి మాత్రం వాళ్లు ఒప్పుకోలేదు. పిన్నిని, అంటే రంగులాయన భార్యను వదిలిపెట్టారు. రిగ్గక్క ఆవిడ ఫోన్ వెతికి ఆవిడ చేతిలోనే పెట్టి, "పంపు కక్కితే నాకు రింగ్ ఇయ్యి పిన్నీ, మాట్లాడక్కర్లేదు" అంది. ఆవిడ గొంతు ఎలాగూ లేదు.

లారీ గుట్ట ఎక్కుతోంది. పంపు కక్కిందా, తమ్ముడు పోయినట్టే. ఇందాక రంగులాయన్ని కొట్టిన చేతులే వాణ్ణి కొడతాయి. కక్కలేదా, ఏ పాపం ఎరగని మనిషిని ఆ పంపుకే కట్టి తగలబెడతారు. తల్లి పోయినప్పుడు చిన్నోడు చంకలో పిల్లాడు. వాడికి నడక నేర్పింది, జ్వరమొస్తే రాత్రిళ్లు భుజాన వేసుకుని తిరిగింది తనే. కడుపున పుట్టకపోయినా కడుపులో పెట్టుకుని పెంచింది. దేవుడా, ఈ ఇద్దరిలో ఎవరు బతకాలో నన్నే ఎందుకు అడుగుతున్నావు అనుకుంది. చెవిటి మావ అద్దంలో ఆమె పెదాలు చూసి, తనను తిడుతుందేమో అనుకుని లారీ వేగం పెంచాడు.

చిన్నోడు బండి మీద ముందే చేరాడు. షెడ్డులో ఇంకెవరూ లేరు. మెరిసే హ్యాండిళ్లు, సైలెన్సర్లు కొక్కేలకు వేలాడుతున్నాయి. తొట్లలో పచ్చటి నీళ్లు ఆవిరి కక్కుతున్నాయి, ఆ గాలి పీలిస్తే ముక్కు లోపల కోసినట్టయింది. వెనక దొడ్లో బోరు ఉంది. తొట్ల నుంచి ఒక రబ్బరు గొట్టం వచ్చి నేరుగా ఆ బోరు నోట్లో దిగి ఉంది. బోరు చుట్టూ నేల నిమ్మపండు రంగులో ఉంది. గడ్డి పరక కూడా మొలవలేదు.

"అక్కా, వద్దే," అన్నాడు చిన్నోడు. కర్ర పక్కన పెట్టి కాళ్లు పట్టుకున్నాడు. "నేనేమన్నా కావాలని చేశానా? ఆ పక్కకు పోతదని నాకేం తెలుసు? మధ్యలో గుట్ట ఉంది కదా. ఎవరన్నా అనుకుంటారా?"

"తెలిశాకేం చేశావ్ రా?"

వాడు ఆమె కాళ్లను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"పంపు పచ్చబడిన రోజునే నీకు తెలిసింది. ఆ రంగు నీకు తెలీదా? అప్పుడు గొట్టం తీసేసి ఉంటే నిన్ను నేను కడుపులో దాచుకునేదాన్ని. నువ్వు గొట్టం తియ్యలేదు. కర్ర తీసుకుని బాబాయ్ పళ్లు రాలగొట్టడానికి పోయావ్."

"వాడికి ఎవరున్నారు అక్కా? వాడు పోతే అడిగేదెవరు? నేను నీ తమ్ముణ్ణి."

ఆ మాటతో ఆమెకు అంతవరకూ ఉన్న జాలి కాస్తా నీరుగారిపోయింది. వాడి చేతుల్లోంచి కాళ్లు లాక్కుంది. రబ్బరు గొట్టం పీకి అవతల పారేసింది. చెవిటి మావకు సైగ చేసింది. ఆయన గాలి పోయే రాడ్డును బోర్లోకి దించాడు, బోరు నోటికి టైరు ట్యూబు చుట్టి, పైన ఇనప మూత పెట్టి బోల్టులు బిగించాడు. గాలి పైకి తప్పించుకోకూడదు, మొత్తం ఆ పగుల్లోకే పోవాలి. తర్వాత ఆయన వెళ్లి కంప్రెషర్ ముందు, వీళ్లకు వీపు పెట్టి, గాలి ఒత్తిడి చూపే ముల్లు చూసుకుంటూ నిలబడ్డాడు. కంప్రెషర్ మొదలైంది. దొడ్డి అంతా ఆ రొదతో అదిరింది. రిగ్గక్క వాల్వు పిడి పట్టుకుని తెరిచింది.

చిన్నోడు పక్కనున్న ఇనప కడ్డీ తీసుకుని ఆమె చేతి మీద కొట్టాడు.

మొదటి దెబ్బకు చూపుడు వేలు విరిగింది. ఆమె అరిచింది గానీ చెవిటి మావకు ఎలా వినపడుతుంది, ఆయన ముల్లునే చూస్తున్నాడు. ఆమె పిడి వదల్లేదు. "వదులు," అని వాడు అరుస్తున్నాడు, పెదాలే కనిపిస్తున్నాయి, "వదులవే, వదులు." రెండో దెబ్బ వేళ్ల మీదే పడింది. కుడి చేతిలో పట్టు పోయింది. ఆమె ఆ చేతిని తీసి మోచేతిని వేసింది. పిడి మీద ఒంటి బరువంతా మోపింది. వాడు జుట్టు పట్టుకుని గుంజాడు. ఆమె తల తిప్పి వాడి ముంజేతిని పళ్లతో పట్టుకుని కండ ఊడేలా కొరికింది. నోట్లోకి రక్తం ఉప్పగా వచ్చింది. వాడు కడుపులో తన్నాడు. ఆమె పొట్ట పట్టుకుని వంగింది గానీ మోచెయ్యి పిడి మీదే ఉంది. చిన్నప్పుడు వీడికి అన్నం తినిపించాలంటే ఇలాగే కాళ్ల మధ్య అదిమి పట్టుకోవాల్సి వచ్చేదని అప్పుడు గుర్తొచ్చింది, ఎందుకొచ్చిందో ఏమో.

గాలి పోతూనే ఉంది. పైకి రావడం లేదు. బోరు మింగుతోంది.

అదే సమయానికి అక్కడ ఏం జరిగిందో తర్వాత పిన్ని చెప్పింది. గుంపు ఓపిక అయిపోయిందట. కిరసనాయిలు డబ్బా ఎవరో తెచ్చారట. అప్పుడు పంపు లోపల ఏదో గురక పెట్టినట్టు చప్పుడు అయిందట. ఎవరూ చెయ్యి వెయ్యకుండానే పంపు పిడి మెల్లగా పైకి లేచిందట. లేచి, పడి, మళ్లీ లేచి, ఒక్కసారిగా పంపు తలకాయ పగిలేంత వేగంతో పచ్చటి నీళ్లు ఎగజిమ్మాయట. కట్టేసి ఉన్న రంగులాయన నెత్తి మీదే పడ్డాయట ఆ నీళ్లన్నీ. కొట్టినవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారట. డబ్బా పట్టుకున్నవాడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడట.

రిగ్గక్క నడుము దగ్గర దోపుకున్న ఫోన్ వణికింది.

ఆమె కళ్లు మూసుకుంది. ఒక్క క్షణం ఆ రింగ్ తనకు తెలియనట్టు ఉండిపోదామా అనిపించింది. తర్వాత మోచేత్తో పిడిని నెట్టి వాల్వు మూసింది. ఎడమ చెయ్యి ఊపింది. నీడ చూసి చెవిటి మావ తిరిగాడు, ఆమె చెయ్యి చూసి నోరు తెరిచాడు, కంప్రెషర్ ఆపేశాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం.

"అయిపోయింది రా చిన్నోడా," అంది. "పంపు కక్కింది. వాళ్లు వస్తారు. లారీ క్యాబిన్‌లోకి ఎక్కి తలుపేసుకో. పోలీసుల్ని పిలుస్తా, వాళ్లొచ్చేదాకా నేను అడ్డం నిలబడతా. నన్ను చంపి నిన్ను ముట్టుకోవాలి."

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. కానీ వాడు ఆ మాట వినలేదు. వాడి బుర్రలో ఒకటే ఉంది, వాళ్లు గుట్ట దిగేలోపు ఈ రాడ్డూ, ఈ మూతా ఇక్కడ కనపడకూడదు. బోరు మీద రెండు బండలు దొర్లిస్తే బోరే లేదనొచ్చు. సుత్తి తీసుకుని మూత బోల్టుల మీద కొట్టడం మొదలుపెట్టాడు.

"మూత జోలికి పోకు," అంది రిగ్గక్క. "గాలి ఇంకా లోపలే ఉంది."

"ఆపేశావ్ కదా."

"ఆపింది కంప్రెషర్‌ని రా. పోయిన గాలి పగుల్లోనే ఉంది. కాసేపు ఆగాలి. దూరం జరుగు. నా మాట విను, చిన్నోడా, ఒక్కసారి నా మాట పూర్తిగా విను."

వాడు సగమే విన్నాడు. వాడి అలవాటే అంత. అక్క బెదిరిస్తోంది అనుకున్నాడు. ఒక బోల్టు ఊడింది. ఇంకోదాని మీద ముఖం వంచి కొట్టాడు.

మూత ఎగిరి షెడ్డు రేకులు చీల్చుకుని పోయింది. ఇన్నేళ్లుగా మింగిందంతా ఆ బోరు ఒక్కసారిగా కక్కింది. పచ్చటి నీటి స్తంభం వాడి ముఖాన్ని కొట్టి వాణ్ణి ఎత్తి దొడ్డి గోడకు విసిరేసింది. రాతి ముక్కలు, బురద, యాసిడ్ వాసన, అంతా వానలా కురిసింది. వాడు లేవబోయి పడ్డాడు. రెండు చేతులూ కళ్ల మీద పెట్టుకుని అరిచాడు. ఆ అరుపును చెవిటి మావ కూడా విన్నట్టే ఉంది, అదిరిపడి పరిగెత్తుకొచ్చాడు.

రిగ్గక్క వాణ్ణి చంకల కింద పట్టి, విరిగిన చెయ్యి సంగతి మరిచిపోయి, షెడ్డు లోపలికి ఈడ్చింది. కళ్లలో యాసిడ్ పడితే ఆగకుండా నీళ్లు పొయ్యాలని ఆమెకు తెలుసు. నీళ్లు ఆపితే చూపు పోతుందనీ తెలుసు. కుళాయి తిప్పబోయి ఆగింది. ఆ కుళాయికి వచ్చేది షెడ్డు పక్కనున్న ఇంకో బోరు నీళ్లు, అవీ పచ్చగానే ఉన్నాయి. బల్ల పక్కన నీళ్ల క్యాన్లు ఉన్నాయి. చిన్నోడు వాడి షెడ్డులో వాడి బోరు నీళ్లు తాగడు, కొనుక్కున్నవే తాగుతాడు. చెవిటి మావ క్యాను ఎత్తాడు, ఆమె వాడి తల ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో రెప్పలు విడదీసింది. నీళ్లు పడ్డాయి. తెల్లగుడ్డు మీద పచ్చటి పొర ఉంది. క్యాను ఖాళీ అయింది. ఇంకోటి ఎత్తారు. అది సగమే ఉంది.

లారీ ఎక్కిన గుట్ట దారి పట్టుకుని వాళ్లు వచ్చారు. గుట్ట మీది నుంచి అడుగుల చప్పుడు ముందు వినపడింది. బడ్డీకొట్టాయన ముందున్నాడు, కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడుతోంది, రెండో చేతిలో తాడు ఉంది. రంగులాయన్ని కట్టిన తాడే, తడిసి పచ్చగా ఉంది. వాళ్ల వెనక రంగులాయన, భార్య భుజం మీద చెయ్యి వేసి కుంటుకుంటూ వస్తున్నాడు. షెడ్డు గుమ్మంలో అందరూ ఆగిపోయారు.

రెంచి ఆమె పక్కనే నేల మీద ఉంది. ఆమె దాన్ని తీసుకోలేదు. తీసుకుంటే తల వదలాలి.

"అక్కా," అన్నాడు చిన్నోడు. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎటు చూస్తున్నాయో తెలియడం లేదు. "ఎవరొచ్చారక్కా? కొడతారా?"

ఎవరూ కదల్లేదు. బడ్డీకొట్టాయన తాడును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకోబోయి, ఆ చెయ్యి విరిగిందని గుర్తొచ్చి ఆగాడు. చిన్నోడి ముఖం చూశాక కొట్టడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

చివరి క్యాను కూడా ఖాళీ అయింది. చెవిటి మావ దాన్ని తలకిందులు చేసి దులిపాడు. రిగ్గక్క తలెత్తింది.

"నీళ్లు," అంది. "కొట్టేదుంటే తర్వాత కొట్టండి. నేనే పట్టుకొచ్చి ఇస్తా. ముందు నీళ్లు తెండి. ఇంకా పొయ్యాలి. ఆపితే కళ్లు పోతాయ్. పరిగెత్తండి, ఇళ్లకు పోయి తెండి. మంచినీళ్లు ఎవరింట్లో ఉన్నాయ్?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. క్యాన్లు అమ్మే కొట్టు చాలా దూరం. ఒకతను అప్పటికే బండి తిప్పుకుని అటు పోయాడు, కానీ అతను పోయి రావడానికీ కళ్లు పోవడానికీ పోటీ పెడితే ఏది ముందో అందరికీ తెలుసు.

"ఎవరింట్లోనన్నా ఒక బిందెడు," అంది రిగ్గక్క. "ఒక చెంబెడు. పిన్నీ, నువ్వన్నా చెప్పు. మీ ఇంట్లో ఉన్నాయా?"

పిన్ని ముందుకొచ్చింది. వంగి చిన్నోడి ముఖంలోకి చూసింది. పొద్దున్న వాడు ఆవిడ భర్తను కొడుతుంటే వద్దు బాబూ వద్దు బాబూ అని ఆవిడ అరిచింది వాడినే. ఆవిడ చెంగుతో వాడి గడ్డం మీద కారుతున్నది తుడిచింది. గొంతు కొద్దిగా వచ్చింది, బొంగురుగా.

"ఉంటే ఇయ్యనా అమ్మా?" అంది. "మా వీధిలో మంచినీళ్లెక్కడున్నాయ్? ఉన్నవన్నీ ఆ పంపువే."

చిన్నోడు ఆ మాట విన్నాడు. జీవితంలో మొదటిసారి ఒక మాట పూర్తిగా విన్నాడు. చేతులు గాల్లో తడుముకుంటూ అక్క కొంగు పట్టుకున్నాడు.

"మండుతోందక్కా," అన్నాడు. "ఇంకొంచెం నీళ్లు పొయ్యి."

"లేవు రా," అంది రిగ్గక్క.